ఎసరు మరిగేలోపు

ఎసరు మరిగేలోపు అమ్మ
కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి
పొయ్యి పక్కనున్న బిస్కెట్ల డబ్బాలో వేసేది.
రెండు పూటలా. ఇల్లు కురిసే వానాకాలంలోనూ.
ఆ డబ్బా మాది కాదని
నాకు మాటలు రాకముందే తెలుసు.

ఎవరిదమ్మా అంటే
కొండల అవతలివాళ్ళది అనేది.
మా మిజో కొండల అవతల
నాకు కొండలే కనిపించేవి.

శనివారం సంఘం ఆడవాళ్ళు గోనెసంచితో వచ్చి
ఇంటింటి డబ్బా వంచుకుని వెళ్ళేవారు.
ఎర్రబియ్యం, తెల్లబియ్యం, నూకలు,
ఎవరి పోడు పంటో తెలియకుండా కలిసిపోయేది.
అది అమ్మి, సువార్తకని
ఎవరినో ఎక్కడికో పంపేవారు.
ఒక మనిషి బస్సెక్కాలంటే
ఎన్ని ఇళ్ళు ఒక్కో ముద్ద తగ్గించుకోవాలో
అమ్మ వేళ్ళమీద లెక్కపెట్టబోయి
నవ్వి వదిలేసేది.

వెదురు పూసిన ఏడు
ఎలుకల దండు మా చేలను రాత్రికి రాత్రే దువ్వేసింది.
అడవిగడ్డలు తవ్వుకు తిన్నాం.
ఒక మధ్యాహ్నం నేను ఆ డబ్బా మూత తీశాను.
పచ్చిబియ్యం. పళ్ళకింద ఇసుకలా కరకర.
తలెత్తితే గుమ్మంలో అమ్మ.
ఏమీ అనలేదు.
ఆ పూట డబ్బాలో రెండు గుప్పెళ్ళు పడ్డాయి.
ఒకటి ఎప్పటిది.
రెండోది తన కంచంలోది.

తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరమంటారు.
మా అమ్మ దార్‌థాంగికి
బేరాలు తెలియవు.

నలభై దాటాక ఆ గుప్పెళ్ళే నన్నూ పంపాయి,
వేల్స్‌లో ఒక పలకరాళ్ళ లోయకు.
మా తాతల ఊరికి అక్షరాలు మోసుకొచ్చిన దొర
ఇక్కడివాడేనట.
మా డప్పు పాపమన్నదీ అతనే.
రెండూ చెప్పాలి.
సగం మింగితే అది సాక్ష్యం కాదు.

బెథానియా మందిరంలో ఐదొందలమందికి బల్లలు,
ఏడుగురు మనుషులు,
పనిచెయ్యని హీటరు.
"మీరు వెలిగించిన దీపం పట్టుకుని
మీ గడప దగ్గరికే వచ్చాను" అని
ప్రసంగం రాసుకొచ్చాను, చాలా అందంగా.
మూడో వాక్యం దగ్గర ఎమ్రిస్‌కు దగ్గు తెర వచ్చింది.
గనిలో ఊపిరితిత్తులకెక్కిన రాతిపొడి
నా దీపాన్ని లెక్కచెయ్యలేదు.
కాగితం మడిచి
నీళ్ళగ్లాసు తీసుకుని కిందికి దిగాను.

అప్పుడు గ్వెన్‌లియన్ లేచింది.
ఎనభై రెండేళ్ళ మనిషి,
చేతిసంచిలోంచి చిన్న చెక్కపెట్టె తీసింది.
చిన్నప్పుడు వారానికొక పెన్నీ వేసేదట,
మిఠాయి మానేసి, ఏడ్చి, అయినా వేసేదట.
పేరు పలకడం కూడా రాని కొండలవాళ్ళకని.
పెట్టె ఊపింది. సందులో ఇరుక్కున్న
ఒక్క నాణెం గలగలమంది.
"ఇది రాలేదు. మిగిలినవి
మీకు చేరాయా, లియాన్‌జువాలా?" అని అడిగింది.

డెబ్బై ఏళ్ళుగా దాచుకున్న ప్రశ్న.
నా నోట్లో పచ్చిబియ్యం కరకరలాడింది.
చేరాయన్నాను.
అంతటితో ఆగలేక
ఆ మధ్యాహ్నపు దొంగతనం చెప్పేశాను,
నా భార్యకు కూడా చెప్పనిది.
ఆ ఆదివారానికి అదే ప్రసంగం.
ఎవరూ ఆమెన్ అనలేదు.
ఎమ్రిస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మరో వారానికి గ్వెన్‌లియన్
కాగితం పొట్లంలో ఓట్స్ తెచ్చింది.
"పొయ్యి మీద పెట్టకముందే తీశాను,
రోజుకో గుప్పెడు" అంది, పరీక్ష రాసిన పిల్లలా.
ఎవరికి పంపాలో ఆమెకూ తెలియదు,
నాకూ తెలియదు.

ఆ గురువారం ఎమ్రిస్ మంచం దిగలేదు.
పొట్లం తీసుకుని వెళ్ళి
వాళ్ళ వంటింట్లో జావ కాచాను.
వరి ఎరిగిన చెయ్యి, ఓట్స్ తెలియదు,
అడుగంటింది, ఉండలు కట్టింది.
ఒక చెంచా నోట్లో పెట్టుకుని
"ఉప్పెక్కువైంది పాస్టరూ" అన్నాడు.
గిన్నె మాత్రం
తిరిగి ఇవ్వలేదు.