పేనుకొరుకుడు

మా వైపు దీన్ని పేనుకొరుకుడు అంటారు.
పేను, పాపం, ఏమీ ఎరగదు.

పర్లాకిమిడిలో కొమ్ము దువ్వెనలకు నునుపు పెట్టే పని నాది.
గేదె కొమ్ము కాచి, వంచి, పళ్ళు కోసి
దండపాణి మహారణా నా ఒళ్ళో పడేస్తాడు.
పన్నెండేళ్ళు, ప్రతి దువ్వెననీ
నా జుట్టులో ఒకసారి నడిపించి చూశాకే పెట్టెలో పెట్టాను.
పన్ను గీరుకుంటే ముందు నాకు తెలియాలి,
కొనుక్కున్నామెకి కాదు.

మొదట రూపాయి బిళ్ళంత.
జడ విప్పుతుంటే వేలికి తగిలింది,
నేను రుద్దిన ఏ కొమ్ముకన్నా నున్నగా.
తర్వాత రెండు, తర్వాత నాలుగు, ఒకదాంట్లో ఒకటి కలిసి
తలంతా ఒకటే బయలు.
ఆఖరున కనుబొమ్మలు పోయాయి.
చెమట తిన్నగా కళ్ళలోకి దిగిన రోజున
అవి అక్కడ ఎందుకుండేవో తెలిసింది.

గురివింద గింజ నూరి రాశారు. మండింది.
ఉల్లిపాయ, మందారాకు,
పాతపట్నంలో ఒకాయన ఇచ్చిన నల్లనూనె.
గురివింద తన నలుపెరగదంటారే,
నా నెత్తురూ అంతేనట, తన మనుషుల్ని తానెరగదట.

ఆ మాట అన్నది బరంపురం పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ,
ఒడియాలో మొదలెట్టి తెలుగులో తేలి:
"మీ కావలివాళ్ళే
మీ పైరుని కలుపనుకుని పీకేస్తున్నారు.
వేళ్ళు బతికే ఉన్నాయి."

కావలివాళ్ళ సంగతి మాకు చెప్పాలా?
గేటు దాటితే మేం ఒడియావాళ్ళం,
ఇటొస్తే తెలుగోళ్ళం.
మా తాత చూపించిన కాగితమే మా నాన్న చూపించాడు,
నేనూ చూపిస్తున్నాను, మాదిక్కడే బాబూ అని.
వెంట్రుక దగ్గర ఏ కాగితం ఉంటుంది?

మా షెడ్డులో అసిరమ్మకి కీళ్ళవాతం.
ఎండు చింతకాయల్లా ముడుచుకున్న వేళ్ళు
రెండేళ్ళుగా ఏదో మాత్ర వేస్తే విచ్చుకున్నాయి,
మళ్ళీ ఆకురాయి పడుతోంది.
"అదే జాతి మందు," అంది డాక్టరమ్మ, "అన్న కాకపోతే తమ్ముడు.
కీళ్ళ కోసం వాడితే కొందరికి జుట్టు మొలిచింది.
అందరికీ కాదు. మానేస్తే మళ్ళీ రాలొచ్చు.
కావలివాళ్ళని జోకొడితే దొంగలు రాకుండా ఉంటారా?
ముందు క్షయ లేదని తేలాలి, రక్తం చూడాలి, కాలేయం చూడాలి."
ధర మాత్రం నోటితో చెప్పలేదు,
చీటీ మీద రాసి నా వైపు తిప్పింది.

"ఏటే పిల్లా," అంది అసిరమ్మ,
"నా ఏళ్ళు సాగదీసిన మందు
నీ బుర్ర మీద మొలకలెత్తిస్తాదా?"
పగలబడి నవ్వింది.
ఆ సాయంత్రమే, ఎవరూ చూడకుండా,
తన అట్టలోంచి నాలుగు మాత్రలు ఊడదీసి
కొమ్ము తుక్కుతో పాటు నా వైపు తోసింది.

నాలుగు మాత్రలంటే
రెండు రోజుల ఆమె పిడికిలి.
వెనక్కి తోశాను. ముందుకి తోసింది.
చివరికి అవి పొడిలో పడిపోతే
ఇద్దరం వంగి, ఊదుతూ, తుమ్ముతూ వెతికాం.
మూడే దొరికాయి.
అవి ఆమె కొంగునే కట్టాను, ముడి గట్టిగా.

మొన్న ముంజేతిలో సూది గుచ్చి
చుట్టూ పెన్నుతో గుండ్రంగా గీశారు,
సరిగ్గా రూపాయి బిళ్ళంత.
మూడు రోజులు గోకొద్దన్నారు.
అక్కడ వాపు రాకూడదు.
ఇన్నాళ్ళూ అక్కర్లేని చోట ఎగబడ్డ నా కావలివాళ్ళు
ఈ ఒక్క గుండ్రంలో ఊరుకోవాలి.

ఇవాళ మూడో రోజు.
తెల్లారగట్ల బరంపురం బస్సు,
కండక్టరు ఒడియాలో అడిగి తెలుగులో చిల్లరిచ్చాడు.
కిటికీ వెలుతురు పడగానే చెయ్యి చూసుకున్నాను,
కాస్త ఎర్రగా ఉందో, గీత రంగో.

సంచిలో ఒక దువ్వెన ఉంది.
నిన్న రుద్దినది, నిన్నటిలోకి ఇదే బాగా కుదిరింది.
నడిపించి చూడకుండా పెట్టెలో పెట్టడానికి
చెయ్యి రాలేదు.