అనుభవము

తంబుచెట్టి వీధి, మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
జిరాక్సు మిషను వేడికి గోడ కూడా చెమర్చే గదిలో
పాత తెలుగు దస్తావేజుల్ని ఇంగ్లీషు చేస్తుంటాను,
పేజీకి మూడు వందల యాభై.
చెదలు తిన్నచోట చుక్కలు పెడతాను.
చుక్కలకూ డబ్బు తీసుకుంటాను.

ఈవేళ వచ్చింది అరవై ఒకటో సంవత్సరం నాటిది.
గుమ్మిడిపూండి అవతల ఎకరా ముప్పై సెంట్లు,
ఒక నుయ్యి, తొమ్మిది జీడిమామిడి చెట్లు.
బాలగురవ నాయుడు, చచ్చిపోయిన తమ్ముడి భార్య చెంగమ్మకు
మనోవర్తి కింద రాసిచ్చాడు:
"సదరు ఆస్తిని నీవు నీ జీవితకాలము వరకు
దాన విక్రయాది హక్కులు లేక
సుఖముగా అనుభవించుకోవలసినది."

మనోవర్తి దగ్గర
లాయరు ఇళవళగన్ కుర్చీలో ముందుకు జరిగాడు.
అనుభవించుకోవడం దగ్గర నేను ఆగిపోయాను.

"పొసెస్ అండ్ ఎంజాయ్. ఎప్పుడూ అదే కదమ్మా వేస్తారు?"
అవును. కళ్లు మూసుకుని వేస్తాను.
సుఖముగా అంటే పీస్‌ఫుల్లీ.
ఎవరూ కర్రపట్టుకుని గట్టు మీదికి రాకపోతే చాలు,
కోర్టుకు అది సుఖమే.

మా ఇంట్లో ఆ మాటను మంచికి వాడగా వినలేదు.
వ్యాసర్పాడి రేకుల కింద,
నేను చెప్పకుండా పెళ్లి చేసుకుని వచ్చిన సాయంత్రం
అమ్మ చేట కింద పెట్టి, బియ్యంలో చూపు పెట్టి
ఒక్క క్రియాపదం అంది:
"అనుభవించు."
కర్త లేదు. కర్మ సంగతి
తర్వాత తెలిసింది.

కట్టలో శిస్తు రశీదులు, సన్న దారంతో కుట్టినవి.
ఒక్కో ఏడాదికి ఒక్కో ఊదారంగు ముద్ర.
అరవై తొమ్మిదోది తిరగేస్తే వెనక పెన్సిలు రాత,
ఎవరి చేతో రాయించి ఉంటుంది:
"నుయ్యి ఎండినది. రెండు మేకలు అమ్మి కట్టినది."
డెబ్బయ్యోది వెనక ఏమీ లేదు.
డెబ్బయ్యొకటి వెనక:
"ఒక మేక."

లాయరు వేలు తడిచేసుకుని లెక్కపెట్టాడు.
"పద్దెనిమిదేళ్లమ్మా! ఒక్క ఏడు తెగలేదు.
ఎంజాయ్‌మెంట్‌కి ఇంతకన్నా రుజువేం కావాలి?"
నిజమే. కరువు రశీదుకీ పంట రశీదుకీ
ముందువైపు తేడా ఏమీ లేదు.
ఇప్పుడక్కడ కంటెయినర్లు పేర్చారట, నాలుగు వరసలు.
చెంగమ్మ చెల్లెలి మనవళ్లు
కింద టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నారు,
ఆమె ముఖం ఎలా ఉండేదో ఇద్దరికీ తెలియదు.

పొసెస్ అండ్ ఎంజాయ్ అనే వేశాను.
వేరే మాట వేస్తే అవతలి లాయరు దాన్ని పట్టుకుని
నెల రోజులు నమిలేస్తాడు.
చివరి పేజీ నాది:
నాకు తెలిసినంత వరకు ఇది నిజమైన అనువాదము.
కింద ఒక గడి, ఈ వృత్తిలో అనుభవం ఎన్నేళ్లని.
పదిహేడు అని రాసి
కాసేపు పెన్ను మూత పెట్టలేదు.

పెన్సిలు రాతల్ని విడిగా ఒక కాగితం మీద టైపు చేశాను,
వెనకవైపు అని శీర్షిక పెట్టి.
"ఇది ఎవరడిగారమ్మా, కేసుకి పనికిరాదే," అన్నాడాయన.
కట్టలోనే ఉండనివ్వండి అన్నాను.
ఆ పేజీకి డబ్బు తీసుకోలేదు.