ఖైరాన్ ఇంట్లో తాడు

సోఫా మీది నారదుప్పటిని ఇస్త్రీ చేసి పరిచినాను.
మామ వచ్చి చూసి, నవ్వి,
రెండు చేతులా నలిపింది.
"ఇట్లా, ఓబీ."
ఓబుళమ్మ అనడానికి ఆమె నోరు తిరగదు.
ఇప్పుడే ఎవరో లేచిపోయినట్టు ఉండాలంట.
మా తట్టు లేచిపోవడమంటే వేరే.
నాలో నేనే నవ్వుకుని
మూడు దినాలు నలపడం నేర్చుకున్నాను.

కువైట్ సిటీలో ఇల్లు వేరే ఉండాది,
పాలరాయి, బంగారు అంచు కుర్చీలు,
ఆడ గుడ్డ నలిగితే మాట పడాల.
ఈ ఖైరాన్ ఇల్లు సెలవులకు.
కిటికీ తెరిస్తే సముద్రమే,
అయినా లోపల ఇంకొకటి కావాలంట,
ఉప్పు అంటనిది.

కొత్త బల్లను పాతది చేయడానికి
ఈజిప్టు వడ్రంగి ఇనుప బ్రష్షుతో దినమంతా గీకినాడు.
పొట్టు నేను ఊడ్చినాను.
మా ఇంట్లో బల్ల
దానంతటదే పాతబడింది, కూలి అడక్కుండా.

గవ్వలు అట్టపెట్టెలో వచ్చినాయి,
ఒక్కో దాని అడుగున ధర చీటీ.
వేన్నీళ్ళలో నానబెట్టి గోటితో తీసినాను.
చెవికి పెట్టుకుంటే ఏసీ హోరు.
అలలు కొట్టుకొచ్చిన కొమ్మ ఒకటి,
నా చెయ్యంత, ఎముక మాదిరి తెల్లగా.
మా ఊర్లో అయితే ఒక పూట అన్నం ఉడుకుతుంది.
ఈడ దానికి గాజుపెట్టె.
వారానికొకసారి మెత్తటి గుడ్డతో తుడవాల,
గట్టిగా కాదు.

నేను సముద్రాన్ని మొదట చూసింది విమానంలోంచి.
రాయచోటి తట్టు మనిషిని.
నీళ్ళంటే మాకు వొంగి చూసేవి,
ఇరవై బారల కింద
రూపాయి బిళ్ళంత మెరుపు.

అన్నిటికంటే చివర తాడు వచ్చింది.
పాతది, ఎవరి పడవదో,
ఎంత పెట్టి కొనిందో మామ చెప్పలేదు.
చుట్ట చుట్టి కొక్కేనికి తగిలించినాను.
దూరంగా నిలబడి తల వంచి చూసి
"కొంచెం వదులుగా" అనింది.
వదులు చేసినాను.
"ఇంకొంచెం. ఎవరూ కష్టపడనట్టు ఉండాల."

శుక్రవారం బాబా వాళ్ళమ్మ వచ్చింది.
చక్రాల కుర్చీ గడప దగ్గరే ఆగింది.
గవ్వల్ని చూడలేదు, నీలం దిండ్లను చూడలేదు.
తాడు దించమనింది.
మామ మొగం మాడింది. నేను దించినాను.

ఒళ్ళో వేసుకుని బెత్తెడు బెత్తెడు తడిమింది,
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు.
ఆమె అరబ్బీ పాతది, నాకు సగమే దొరికింది:
నాయన ముత్యాలకు మునిగేవాడని,
కాలికి రాయి, ముక్కుకు చిన్న ఎముక పట్టకారు,
నడుముకు ఇట్లాంటి తాడని,
పైన పడవలో ఒకడు
దాన్నే చూస్తా కూర్చునేవాడని,
ఊపిరి చాలకపోతే
కింద నుంచి ఒక గుంజు గుంజుతాడని.
పైనోడు కునుకు తీస్తే? అని అడిగినాను.
వినబడలేదేమో.

తాడు కొస నా చేతికిచ్చింది.
ఎందుకో వెనక్కి నడిచినాను,
వంటగది గడప దాకా, తాడు బిగిసే దాకా.
పిల్లలు ఫోన్లు దించి చూస్తా ఉండారు.
ఆమె కళ్ళు మూసుకుంది.

ఒక గుంజు.

చేతులకు తెలుసు.
పన్నెండో ఏట నుంచి నీళ్ళు చేదినవి.
కాలు గడపకు తన్నిపెట్టి,
చెయ్యి మీద చెయ్యి,
బొక్కెన బావిగోడకు తగలకుండా ఎట్లా లాగుతామో
అట్లానే లాగినాను.
కుర్చీ కదిలింది,
గీకిన బల్లను దాటి, నలిపిన దుప్పటిని దాటి
నా మోకాళ్ళ దాకా వచ్చి ఆగింది.
ముసలామె నోరు తెరిచి
ఇంత గాలి పీల్చుకుంది.

తాడు మళ్ళీ గోడకే ఉండాది.
దుమ్ము దులిపినప్పుడల్లా
ఒక కొసను కిందికి జారవిడుస్తాను,
కుర్చీలో కూర్చున్న చేతికి అందేంత.
మామ చూసి, బాగుంది ఓబీ,
ఇప్పుడు నీకు అర్థమైంది, అంటుంది.