గోరంత

దొంగ ఎవడింటికో కన్నం వేస్తాడు.
నేను నా ఇంటికే వేసుకుంటున్నాను
పట్టపగలు, నిచ్చెనెక్కి,
అరంగుళం డ్రిల్ బిట్‌తో.

కింద నిచ్చెన పట్టుకుని మైటే.
"కొలిచావా?"
"మూడుసార్లు."
"ఇంకోసారి కొలువు."
నెవాడాలో ఈ మూల ఏడాదంతా కురిసిన వాన
గిన్నెకి పడితే అడుగు తడవదు.
అయినా ఆ నాలుగు చినుకులూ వెతుక్కుంటూ వచ్చి
మా పరుపు మీదే పడతాయని ఆమె లెక్క.

డ్రిల్ దిగింది.
మీసాల నిండా తెల్లటి ఫైబర్ పొడి.
లోపలికెళ్ళి తలెత్తి చూస్తే
కప్పులో బఠాణీ గింజంత ఆకాశం.
వ్యాన్ కొని ఐదు వారాలు,
ఇందులో మా చేత్తో చేసిన మొదటి పని
ఒక చిల్లు.

నల్లటి కేబుల్ దూర్చాను.
చుట్టూ జిగురుముద్దని
చలిమిడిలా నలిపి నలిపి అద్దాను.

యాంటెన్నాకి కాళ్ళ కింద ఇనుము కావాలట.
మైటే చదివి చెప్పింది
ముందు సీటు కింద దొరికిన కళ్ళజోడు పెట్టుకుని,
ఎర్ర ఫ్రేము, ఒక కాడకి దారం చుట్టి ఉంది,
ఆమె కళ్ళకి కొలిచి చేసినట్టు సరిపోయింది.
మా కప్పులో ఇనుమెక్కడిది?
ఆమె ఏమీ అనకుండా లోపలికెళ్ళి
బిస్కెట్లు కాల్చే పళ్ళెం తెచ్చిచ్చింది.
ఇరవై రెండేళ్ళ పళ్ళెం,
అంచుల్లో మాడిన చక్కెర ఇంకా ఉంది.
అయస్కాంతం టప్పున అతుక్కుంది.
"ఇంక బిస్కెట్లు అడక్కు" అంది.

స్విచ్ వేస్తే ఎర్ర దీపం.

లోపలి యాంటెన్నా బయటిదానికి దగ్గరైతే
బూస్టర్ తన కేకే తను విని
దానికే మళ్ళీ కేకేసి
చివరికి అలిగి నోరు మూసుకుంటుందట.
"మనకి తెలిసినవాళ్ళే ఎవరో ఉన్నారు ఇలా"
కాగితం తిప్పుతూ అంది మైటే.
ఈ పందొమ్మిది అడుగుల్లో
దూరం అన్నది ఎక్కణ్ణించి తేను?
మంచం కాళ్ళవైపు, చెప్పుల పెట్టె దాకా జరిపాను.
దీపం పచ్చబడింది.

ఫోన్‌లో మాత్రం ఏమీ లేదు.
గోరంతని కొండంత చేస్తుంది నిజమే,
ఆ గోరైనా ఉండాలిగా.
వ్యాన్‌ని వెనక్కి నడిపాను
సేజ్ పొదల్ని రాసుకుంటూ, నలభై గజాలు,
రెండు కొండల మధ్య సందు కనిపించేదాకా.

ఒక గీత.
మూడు.

ఇంక తూము ఎత్తేసినట్టే.
పళ్ళ డాక్టరు, బ్యాటరీల తగ్గింపు ధరలు,
పోయిన గురువారం గాలివాన వస్తుందన్న హెచ్చరిక.
ఆ గాలివానలో మేం ఇక్కడే ఉన్నాం,
గిన్నెలు ఏరుకుంటూ.
అన్నిటి వెనకా
పదకొండు రోజుల నాటి ఒక గొంతు:

"ఆరిన్, నేను డెవిట్‌ని. వ్యాన్ అమ్మినవాణ్ణి.
అంతా బాగా నడుస్తోందా?
మరేం లేదు,
ముందు సీటు కింద అర్లీన్ కళ్ళజోడు ఉందేమో చూస్తావా.
ఎర్రది.
ఇప్పుడు తనకి దాంతో పని లేదనుకో.
నాకే.
తొందరేం లేదు, వీలున్నప్పుడే."

బూస్టర్ ఫ్యాను తిరుగుతోంది.
మైటే కళ్ళజోడు తీసింది.
చొక్కా అంచుతో తుడిచింది,
దారం చుట్టిన కాడ దగ్గర మరికొంచెం సేపు.
దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఫోన్ అందుకుంది.
చేయి చాచి దూరంగా పట్టుకుంది,
దగ్గరికి తెచ్చుకుంది,
అంకెలు ఆనలేదు.
మళ్ళీ పెట్టుకుంది.
నొక్కింది.

అవతల మోగుతోంది.
ఏం చెప్పాలో ఇద్దరం అనుకోనే లేదు.
నేను కదలకుండా కూర్చుని
గీతలు లెక్కపెడుతున్నాను.
మూడు.
రెండు.
మూడు.