ఉలుకూ పలుకూ లేని బండి

అటవీశాఖ వాళ్ళు వదిలించుకుంటుంటే వేలంలో పాడుకున్నాను.
ఆకుపచ్చ రంగు, పక్కన ఎవరి పేరో గీకేసిన మచ్చ,
సీటు కింద ఎనిమిది బ్యాటరీలు.
ఒక్కొక్కటీ ఎత్తితే నడుం గుర్తుపెట్టుకుంటుంది.
"ఇక డీజిల్ ఖర్చు లేదు టెగ్వెన్, మీట నొక్కడం, పోవడం"
అన్నాడు అమ్మినవాడు.
నీళ్ళ సంగతి చెప్పలేదు.

నెలలో మొదటి ఆదివారం సీటు ఎత్తి
ఇరవై నాలుగు మూతలు విప్పుతాను.
టార్చి వేసి ఒక్కో గదిలోకీ తొంగి చూస్తాను,
సీసపు పలకలు మునిగాయా, నోరెండి ఉన్నాయా అని.
వేల్స్ కొండల మీద మాది వానలోనే పుట్టిన పొలం,
గోడలు చెమ్మ, పరుపులు చెమ్మ, పోస్టులో వచ్చే ఉత్తరాలూ చెమ్మే.
అయినా ఈ బండి తాగే నీళ్ళు మాత్రం
పట్నం వెళ్ళి డబ్బాల్లో కొనుక్కురావాలి.
డిస్టిల్డ్ వాటర్ తప్ప దానికి గొంతు దిగదు.

టెర్మినళ్ళ మీద పచ్చగా పూసే పొక్కుల్ని
వేడినీళ్ళలో వంటసోడా కలిపి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దుతాను.
మొదటిసారి చేతులు తుడుచుకున్న స్వెటర్
ఉతికి ఆరేస్తే జల్లెడైంది.
అప్పట్నుంచి ఆ జల్లెడే తొడుక్కుని కూర్చుంటున్నాను ఈ పనికి.
మెకానిక్ గెథిన్ వచ్చి, సీటు ఎత్తి చూసి,
చాలాసేపు తల గోక్కున్నాడు.
"ఇందులో విప్పడానికి ఏముంది?" అన్నాడు,
పెళ్ళికొచ్చి భోజనం లేదని విన్నవాడిలా.

పాత డీజిల్ బండి దగ్గేది, తుమ్మేది, లోయంతా తిట్టుకునేది.
ఆ దగ్గు వినగానే దాణా వచ్చిందని
గొర్రెలు గుట్ట దిగి ఉరికేవి.
ఇది వెళ్ళి పక్కన నిలబడ్డా ఒక్కటీ తలెత్తదు.
ఓ రోజు వాకిట్లో నిద్రపోతున్న మోట్ తోకకి
జానెడు దూరంలో ఆగింది చక్రం.
లేచి నావైపు చూశాడు ముసలి కుక్క,
అంత నమ్మకం ఉన్న కళ్ళు చూడలేకపోయాను.
ఆ సాయంత్రమే పాత బండి నుంచి ఊడదీసిన రెండు నట్లు
బిస్కెట్ల డబ్బాలో వేసి ముందు బంపరుకి కట్టాను.
గలగల, గలగల.
పదిహేను రోజులకి గొర్రెలు ఆ భాష నేర్చుకున్నాయి.

ఐదో బ్యాటరీ నీరసించింది.
ఒక్కటి నీరసిస్తే మిగతా ఏడింటినీ కిందికి లాగుతుందట,
కొత్తది ఒక్కటే వేస్తే పాతవి దాన్నీ పాడుచేస్తాయట.
ఎనిమిదీ మార్చాలంటే
ఈ ఏటి గొర్రెపిల్లల్లో నలభై నా చేతికి రానట్టే.
చూద్దాంలే అన్నాను. చలికి ఆ మాట అర్థం కాదు.

మార్చిలో మంచు పడ్డ రాత్రి, పైపొలంలో ఒక గొర్రె
అడ్డం తిరిగిన పిల్లతో గోడ వారన పడి ఉంది.
ఎక్కేసరికి మీటరులో ఒక్క గీత మిగిలింది.
మోకాళ్ళ మీద కూర్చుని, చేయి లోపలికి పెట్టి
పిల్లని సరిచేశాను. బతికింది. అరిచింది.
తల్లిని ట్రేలో పడుకోబెట్టి, పిల్లని కోటులో దోపుకుని,
దీపాలార్పి, మంచు వెలుగులో దిగాను.
వాలులో మోటారు వెనక్కి తిరిగి కరెంటు పుట్టిస్తుంది కదా,
బరువుంటే ఇంకాస్త ఎక్కువ.
తల్లి బరువు మీద గీత పక్కన ఓ అర గీత మొలిచింది.
నవ్వొచ్చింది. "నీ చార్జీ నువ్వే కట్టుకున్నావే" అన్నాను.

కానీ వాలు అయిపోయాక చదునుంటుంది.
గేటు దగ్గర ఆగిపోయింది, చప్పుడు లేకుండా,
ఎప్పుడు ఆగిందో కూడా తెలియనట్టు.
పిల్లని మోసుకుని నడిచాను. తల్లి ఆ వాసన పట్టుకుని వెనకే వచ్చింది.

తెల్లారి తాడు తీసుకుని వెళ్ళేసరికి
గాలికి బంపరు మీద డబ్బా తనంతట తనే మోగుతోంది.
ప్రాణం లేని బండి చుట్టూ
గొర్రెలన్నీ చేరి, ఎదురుచూస్తున్నాయి.