ఇరవై ఏడో వాక్యం

పుళల్ జైలు లైబ్రరీలో ఫ్యాను తిరగదు,
తిరుగుతున్నట్టు చప్పుడు మాత్రం చేస్తుంది.
తెలుగు ఖైదీల కోసం నేను తెలుగు చేసిన కాగితాలు:
నలభై వాక్యాలు, వాక్యానికి నాలుగు గళ్ళు.
అస్సలు కాదు. కొంచెం. చాలావరకు. అవును, నేనింతే.

'అవసరమైతే అబద్ధమాడతాను'
అని అబద్ధాలాడేవాణ్ణే అడగడమా అంటే
డాక్టర్ మంగయర్కరసి నవ్వుతుంది:
"అందుకే పదకొండూ ముప్ఫై మూడూ ఒకటే ప్రశ్న.
చొక్కా తిరగేసి తొడిగాం, అంతే."

చిట్టీల కేసు వేదాచలం గారు
పది నిమిషాల్లో ముగించారు.
ఒక్క టిక్కూ గడి దాటలేదు.
ఎవరి ఏడుపూ చూడలేరట.
కాగితం ఇస్తూ, "అమ్మగారి మోకాలు నొప్పి తగ్గిందా?" అన్నారు.
నేనెప్పుడు చెప్పానో నాకు గుర్తులేదు.

పెంచలయ్యకి గంటన్నర పట్టింది.
సూళ్ళూరుపేట అవతల ఊరు, లారీ క్లీనరు.
"పశ్చాత్తాపమంటే ఏందమ్మా?"
నేను ఏరి పెట్టిన మాటే. అన్నంలో రాయిలా తగిలింది.
"చేసినదానికి లోపల..." అంటూ
గుండె దాకా వెళ్ళబోయిన చేతిని మధ్యలో ఆపేశాను.
జవాబు నేర్పకూడదు. నియమం.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే
భుజాలు తడుముకున్నవాడికే
ఇక్కడ మార్కులు ఎక్కువ పడతాయి.
తడుముకోనివాడు కడిగిన ముత్యం.

సాయంత్రం పారిస్ కార్నర్ బస్సులో
కాగితాలు లెక్కపెడుతుంటే
పెంచలయ్య కాగితానికి చిల్లు.
ఇరవై ఏడు: 'నావల్ల ఎవరు ఏడ్చినా
నాకు నిద్ర పడుతుంది.'
నాలుగు గళ్ళూ లేవు.
పెట్టి చెరిపి, పెట్టి చెరిపి, మళ్ళీ పెట్టి
రబ్బరు కాగితాన్ని దాటి అవతలికి పోయింది.
చిల్లులోంచి చూశాను.
మాధవరం గోదాములు, రోడ్డు మధ్య ఒక ఆవు,
ఎవరిదో తడి లుంగీ.

ఆఫీసులో కంప్యూటరు ఒప్పుకోలేదు.
"జవాబు లేనట్టే లెక్క," అంది మేడమ్,
"మిగతావాళ్ళ సగటు వేసెయ్."
రెండు పాయింట్ మూడు.
వేశాను.
వేదాచలం గారి నిద్ర కూడా కలిసిన సగటు.

ఆ రాత్రి నాకు బాగానే నిద్రపట్టింది.
ఎవరూ అడగలేదు గనక
నిజమే చెబుతున్నాను.