రెండు పళ్ళు తక్కువ

వేడెక్కితే ఆగిపోయేది.
రాయగడలో బయల్దేరి, సరిగ్గా
జిమిడిపేట మలుపులో,
ఎవరో చెవిలో కబురు చెప్పినట్టు
ఠక్కున.

దగ్గు లేదు, పొగ లేదు,
పోయేముందు ఒక్క మాటైనా లేదు.
పదిమందీ దిగేవాళ్ళు, పుంజులతో సహా.
అరగంట గాలికి నిలబడ్డాక తాళం తిప్పితే
ఏమీ ఎరగనట్టు లేచేది.

డీజిల్ ఫిల్టరు మార్చాను.
పార్వతీపురంలో పంపు విప్పించాను, మూడు వేలు.
మా అత్త నిమ్మకాయలు కట్టింది, అవీ ఎండాయి.
చివరికి దండాసి వచ్చాడు.
బానెట్టు ఎత్తి అరిచే రకం కాదు,
కిందికి దూరి పడుకుని వినే రకం.
గేరుబాక్సు మెడ దగ్గర
బొటనవేలంత నల్ల ముక్క మీద
చెంబెడు నీళ్ళు పోశాడు.
“ఇప్పుడు కొట్టు.”
లేచింది.

“సెన్సారు,” అన్నాడు చొక్కాకి చేతులు తుడుచుకుంటూ.
“లోపల చక్రానికి అరవైకి రెండు పళ్ళు తక్కువ.
ఆ బోసి చోటు ఎప్పుడొస్తాదా అని చూత్తాది ఇది.
అది కనబడితేనే ఇంజనుకి తానెక్కడున్నాదో తెలుత్తాది.
వేడికి దీని చూపు పోతంది, అంతే.”
“నీకూ రెండే కదా లేనివి,” అన్నాను.
నవ్వాడు, ఆ రెండిట్లోంచే.

సుబుద్ధి కొట్లో మూడు పెట్టాడు బల్ల మీద,
ఒకే తల్లి పిల్లల్లా.
ఒకటి గోరంత పొడుగు, చక్రాన్ని గీకేస్తుంది.
ఒకదాని క్లిప్పు తిరగబడి ఉంది.
మూడోది అన్నీ సరిపోయి, బిగించాక
జీపు మూడుసార్లు తుమ్మి ఊరుకుంది.
“ఏ సాలు బండి?”
ఆర్సీ చూపించాను. రెండువేల ఆరు.
పాత ముక్కని అద్దం కింద పెట్టి
మసిలో మిగిలిన నాలుగంకెలు
ఆయన ఒడియాలో చదివాడు, నేను తెలుగులో రాసుకున్నాను.
నాలుగోది మూడో ఎనిమిదో
ఏ భాషలోనూ తేలలేదు.

దండాసి ఇంజను పక్కన మట్టి గోకి
కిరసనాయిలు గుడ్డతో రుద్దాడు.
కింద చెక్కిన నంబరు
ఆర్సీలో నంబరు కాదు.
“జీపు రెండువేల ఆరే. ఇంజను వేరే ఇంటిది.”

నాకు బండి అమ్మిన గురువులు నాయుడికి ఫోను చేశాను.
ముందు కోప్పడ్డాడు, తర్వాత దగ్గాడు,
ఆ తర్వాత చెప్పాడు:
జయపురం తుక్కులో పల్టీ కొట్టిన అంబులెన్సు ఒకటి పడుంటే
దాని గుండె తెచ్చి దీన్లో పెట్టించాడట.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఎనిమిదేళ్ళుగా చింతపండూ పసుపూ మోస్తున్నది
అంతకుముందు ఎవరెవర్ని మోసిందో.
ఘాటీ ఎక్కేటప్పుడు అది పడే తొందర
నా కాలిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అంబులెన్సు సెన్సారు జయపురం నుంచి వచ్చింది
బస్సు కండక్టరు జేబులో,
పొగాకు పొట్లం పక్కన, ఆ వాసనతోనే.
నాలుగొందలు. వాడి చేతిలో ఇరవై.
నాలుగో అంకె ఎనిమిది.

మర్నాడు జిమిడిపేట మలుపు దాటేశాం.
దాటేశామని నాకే తెలియలేదు,
వెనక సీట్లోంచి సింగారమ్మ గొంతు లేచేదాకా:
“ఆపవేటి?”

అద్దంలో చూశాను.
నాలుగు కర్రలూ ఒక నీలం టార్పాలూ,
అనాసకాయల కుప్ప, ఆకులో ఉప్పూ కారం.
ఈ మూడు నెలల్లో, మేం ఆగే చోటే మొలిచిన కొట్టు.
కొండ ఊరి పిల్ల కత్తి చేతిలోనే పట్టుకుని లేచి
మేం పోతున్న వైపు చూస్తోంది.
అప్పటికే ఒక కాయ చెక్కేసినట్టుంది.

రివర్సులో తెచ్చాను, హారన్ కొడుతూ, మలుపు దాకా.
అందరూ దిగారు. పుంజులూ దిగాయి.
ఇంజను మాత్రం ఆపలేదు.
కొత్తదాని మీద నాకింకా
అంత నమ్మకం కుదరలేదు.